రాజమహేంద్రవరం నుండి భీమవరం దాకా ఒక్క పగలు: ఏమి చూడాలి, ఏమి కొనాలి, ఎక్కడ తినాలి?

భాగ్యనగరి

సభ్యులందరికీ నమస్కారం. మార్గశిరం మొదటి వారంలో ఒక ఆదివారం నాడు భీమవరంలో మా స్నేహితురాలి అమ్మాయి పెళ్ళి ఉన్నది. డిగ్రీ చదివే రోజుల నుండి కలిసి తిరిగిన మేము నలుగురం శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి, శనివారం తెల్లవారేసరికి రాజమహేంద్రవరంలో దిగి, అద్దె కారు మాట్లాడుకుని, రాత్రి నిద్రవేళకు భీమవరం చేరాలని అనుకుంటున్నాము. నడుమ దొరికే ఆ ఒక్క పగలు డెల్టాలో తిరగాలని మా కోరిక. మాలో ఒకరికి చేనేత చీరల పిచ్చి, ఒకరికి పాత కట్టడాలు కనబడితే కాలు కదలదు, ఇంకొకరు చేపల పులుసు కోసం ఎంత దూరమైనా వస్తారు. నేను శాకాహారిని, నా కోరికల్లా ఆత్రేయపురం పూతరేకులు తీసే తీరు దగ్గరగా చూడడమే. పెళ్ళికూతురికి ఇవ్వడానికి ఈ ప్రాంతపు వస్తువు ఏదైనా కొనాలని కూడా ఉన్నది.

నేను రాసుకున్న వరుస ఇది: ధవళేశ్వరం, ద్రాక్షారామం, కోరంగి మడ అడవులు, ఉప్పాడ, యానాం, ఆత్రేయపురం, అంతర్వేది, నరసాపురం. ఇందులో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తెలిసినవారు చెప్పగలరు.

కాలువగట్టు

భాగ్యనగరి గారూ, ఈ వరుసతో వెళితే మీకు కారు అద్దాల్లోంచి కొబ్బరిచెట్లు తప్ప ఏమీ కనబడవు. గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుండి దిగువన వైనతేయ విడిపోతుంది. కోరంగి గౌతమికి తూర్పున, ఉప్పాడ కాకినాడకు కూడా అవతల. అంతర్వేది వశిష్ఠ సముద్రంలో కలిసేచోట. ఆ కొస నుండి ఈ కొసకు రావడమంటే వంతెన ఎక్కడుందో వెతుక్కుంటూ ఏటి వెంట చుట్టూ తిరగడమే. డెల్టాలో దూరం కిలోమీటర్లలో లెక్కకు రాదు, ఎన్ని పాయలు దాటాలన్నదే లెక్క.

మీరు చేరవలసింది భీమవరం కనుక గౌతమికి తూర్పున ఉన్నవన్నీ మొహమాటం లేకుండా కొట్టేయండి. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు దిగి, కాలువ గట్టు దారిన ఆత్రేయపురం, అక్కడి నుండి రావులపాలెం, అంబాజీపేట, అమలాపురం, రాజోలు, సఖినేటిపల్లి. అక్కడ పంటు (పడవలు జోడించి బల్లలు పరిచిన రేవు పడవ) మీద వశిష్ఠ దాటితే నరసాపురం. ఆపైన పాలకొల్లు, భీమవరం. ఒక్కసారి కూడా వెనక్కి తిరగనక్కరలేని దారి ఇదొక్కటే. దాళ్వా (రెండో కారు వరి) పంటకు కాలువలు పారుతుంటాయి, దారి పొడవునా నీళ్ళు నిండుగా కనిపిస్తాయి. అదే ఎండాకాలంలో కాలువలు కట్టేశాక వచ్చేవారికి నేను ఈ దారి చెప్పను.

పాతకాగితాలు

దారి విషయంలో కాలువగట్టు గారితో ఏకీభవిస్తాను గానీ, ద్రాక్షారామాన్ని అంత తేలికగా కొట్టేయడం నాకు రుచించలేదు. తూర్పు చాళుక్యుల నాటి ఆలయం, రెండు అంతస్తుల ఎత్తున నిలిచిన లింగం, స్తంభాల మీద శాసనాలు. కట్టడాల మీద ఆసక్తి ఉన్న మీ స్నేహితురాలికి సగం రోజు కూడా చాలదు.

ఇక ధవళేశ్వరం గురించి. చాలామంది బ్యారేజీ మీద ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. 1833 నాటి కరువు, 1839 నాటి తుపాను ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన తరువాత ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి, 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించారు. ఇప్పుడు మీరు దాటే బ్యారేజీ ఆ ఆనకట్టకు బదులుగా తరువాతి కాలంలో కట్టినది. ఇది ఏకబిగిన ఉన్న గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, నడుమ లంకలను కలుపుకుంటూ పోతుంది. మొదటి భాగం దాటాక కారు ఆపి వెనక్కి చూస్తే నది ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తుంది. ధవళేశ్వరంలో కాటన్ ప్రదర్శనశాల ఉన్నది, కానీ అది తెరిచేదాకా ఆగితే మీ పగలు అక్కడే తరిగిపోతుంది. దానికన్నా రైలు దిగగానే పుష్కరఘాట్‌కు వెళ్ళి, 1900లో తెరిచి 1997లో రైళ్ళు ఆపేసిన హేవలాక్ వంతెనను సూర్యోదయ వేళ చూడండి. దాని పక్కనే రోడ్డు, రైలు రెండూ నడిచే వంతెన, విల్లులాంటి కమానుల వంతెన కూడా ఒకే చూపులో కనిపిస్తాయి.

కాలువగట్టు

పాతకాగితాలు గారూ, ద్రాక్షారామం గొప్పదని ఎవరు కాదన్నారు? అది గౌతమికి అవతల ఉన్నది, అంతే. పంచారామాలలో రెండు వీరి దారిలోనే ఉన్నాయి కదా. పాలకొల్లు క్షీరారామం గోపురం 120 అడుగులు, కారులోంచి కూడా కనిపిస్తుంది. భీమవరం సోమారామాన్ని పెళ్ళి అయ్యాక ఆదివారం చూసుకోవచ్చు. కార్తీకం వెళ్ళిపోయింది కనుక రద్దీ కూడా ఉండదు.

పాతకాగితాలు

సరే, క్షీరారామంతో రాజీ పడతాను.

ఏటిగట్టు మాస్టారు

అందరూ దారి చెబుతున్నారు గానీ వారం సంగతి ఎవరూ గమనించలేదు. మీరు తిరిగేది శనివారం అమ్మా. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తులతో ఆ రోజు వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి కిటకిటలాడుతుంది, కాలువ గట్టు దారంతా కార్లు, ఆటోలు, బస్సులు బారులు తీరుతాయి. మామూలు రోజైతే లొల్ల లాకుల దగ్గర ఆగి, ఒకే చోట నీరు ఎన్ని కాలువలుగా పంచుకుపోతుందో చూడమని నేనే చెప్పేవాణ్ణి. శనివారం మాత్రం ఆ ఆశ వదులుకోండి. పొద్దున్నే ఆత్రేయపురం చేరుకుని, పని ముగించుకుని, వాడపల్లి వైపు పోకుండా ర్యాలి మీదుగా రావులపాలెం వెళ్ళండి.

ఒక విధంగా మంచిదే జరిగిందనుకోండి, ఎందుకంటే ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని చూడడానికి ఎవరూ పనిగట్టుకుని దారి మళ్ళరు. ఏకశిలలో ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. అర్చకులు దీపం పట్టుకుని వెనక్కి తీసుకువెళ్ళి జడ, పూలచెండు, కాలి వెనుకభాగం వరకు ఒక్కొక్కటి చూపిస్తారు. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు కనుక అంతకు ముందే వెళ్ళాలి.

లంకలో పుట్టినవాణ్ణి

మాది ఆత్రేయపురం పక్క ఊరు. పూతరేకులు కొనడం గురించి నాలుగు మాటలు. రేకు తీసేవారు వేరు, చుట్టేవారు వేరు, అమ్మేవారు వేరు. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు రేకులు మాత్రమే తీసి దుకాణాలకు ఇస్తారు. అక్కడ నెయ్యి, బెల్లప్పొడి లేక పంచదార పొడి చల్లి మడతలు వేస్తారు. మీరు పొయ్యి దగ్గర పని చూడాలనుకుంటే దుకాణంలో అడగండి, ఎవరో ఒకరు తమకు రేకులిచ్చే ఇల్లు చూపిస్తారు. పొద్దున వెళితేనే పొయ్యి వెలుగుతుంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరి పేరు పెట్టుకున్న దుకాణాలు జాతీయ రహదారి పొడవునా పెరిగాయి. అన్నీ చెడ్డవని అనను గానీ, అద్దాల పెట్టెలో ఎప్పటి నుండి ఉన్నాయో అడగకుండా కొనవద్దు.

జీడిపప్పు, బాదం, చాక్లెట్ అంటూ ఇప్పుడు రకరకాలు వచ్చాయి. నా మాట విని బెల్లం, నెయ్యి మాత్రమే ఉన్నవి తీసుకోండి. పప్పు ఎక్కువైతే నోట్లో రేకు ఉన్నట్టే తెలియదు.

భోజనప్రియ

చేపల పులుసు కోసం వచ్చే స్నేహితురాలికి ముందుగా ఒక హెచ్చరిక. మార్గశిరంలో ఎవరైనా మీకు పులస వడ్డిస్తామంటే నవ్వి ఊరుకోండి. వర్షాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుండి ఏటికి ఎదురీదే చేప అది. ఆ కాలం దాటాక బల్ల మీదకు వచ్చేది వేరే చేపో, ఎప్పటిదో నిలవదో అయి ఉంటుంది. యానాంలో కాలంలో దొరికిన పులస ధర విని వెనక్కి తగ్గినవారిలో నేనూ ఉన్నాను, కనుక మీకు డబ్బు మిగిలిందనుకోండి.

దాని బదులు అమలాపురంలో మధ్యాహ్న భోజనానికి బొమ్మిడాయిల పులుసు అడగండి. పామును తలపించే ఆ సన్నని చేప చూపుకు బాగుండదు గానీ, పుల్లని మామిడికాయో చింతపండో పడిన పులుసులో దానికి సాటి లేదు. రొయ్యల ఇగురు ఎలాగూ ఉంటుంది. శాకాహారులకు కోనసీమ హోటళ్ళలో మధ్యాహ్నం అంత గొప్పగా ఏమీ ఉండదన్నది చేదు నిజం. కంద బచ్చలి, పనసపొట్టు కూర పెళ్ళిపందిట్లో దొరుకుతాయి, ఒక్క రాత్రి ఓపిక పట్టండి. అంబాజీపేటలో మాత్రం పొట్టిక్కలు తినకుండా కదలవద్దు. పనసాకులతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు వాసన పిండికి పడుతుంది. అవి ఉదయపు ఫలహారం, ఆలస్యమైతే అయిపోతాయి.

మగ్గం నీడ

ఉప్పాడ తీసేసినందుకు చీరల స్నేహితురాలు బాధపడవద్దు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిజమైనదైతే బుటా (నేతలో వచ్చే పువ్వు) రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఆ చీర మంచి దుకాణంలో హైదరాబాదులోనూ దొరుకుతుంది. ఒంటిపూటలో ఉప్పాడ వెళ్ళి రావడం అనవసరం. అమలాపురం పక్కనే బండారులంక ఉన్నది. అక్కడి నూలు చీర పెళ్ళికి కట్టేది కాదు, రోజూ కట్టుకునేది, ఉతికేకొద్దీ మెత్తబడేది. వీధిలో నడుస్తుంటే కొన్ని ఇళ్ళలో ఇంకా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. సహకార సంఘం దుకాణంలో కొంటే బేరం ఉండదు, మోసమూ ఉండదు. పవర్‌లూమ్ చీరను చేనేతగా అంటగట్టేవారు ప్రతిచోటా ఉన్నారు కనుక అంచు పట్టుకుని చూడండి. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే కర్ర మొనలు గుచ్చుకున్న సన్నని చిల్లులు రెండు అంచుల వెంట కనిపిస్తాయి.

సముద్రపు గాలి

అందరూ అంతర్వేదిని మరిచిపోయారు. సఖినేటిపల్లి దాకా వచ్చి నరసింహస్వామిని చూడకుండా, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట నిలబడకుండా పంటు ఎక్కడం నాకైతే మనసొప్పదు. చీరలూ లేసులూ ఎక్కడైనా కొనవచ్చు.

లేసు సూది

సముద్రపు గాలి గారూ, లేసు ఎక్కడైనా కొనవచ్చన్న మాట దగ్గరే మా నరసాపురం వాళ్ళకు కోపం వస్తుంది. ఈ అల్లిక మా ప్రాంతానికి 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా ఆడవాళ్ళ చేతి పనిగా నిలిచిపోయింది. 2024లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే ఆమెకు దక్కేది తక్కువ, దేశాలు దాటాక పలికే ధర ఎక్కువ, అది వేరే కథ. పెళ్ళికూతురికి కానుక అన్నారు కదా, బల్ల మీద పరిచే గుండ్రని లేసు గుడ్డ కన్నా మంచిది ఈ దారిలో మీకు దొరకదు.

కొనేటప్పుడు గుడ్డను తిప్పి చూడండి. కొక్కెపు మొన ఉన్న ఒకే సూదితో, ఒకే దారంతో ముడి తరువాత ముడిగా అల్లుకుపోయిన పని కనుక, నడిమి చిన్న వలయం నుండి చివరి ముడి దాకా వరుసను వేలితో పట్టుకుని పోవచ్చు. యంత్రపు లేసులో కత్తిరించిన దారపు కొసలు వెనుకవైపు గుచ్చుకుంటాయి, పువ్వులన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. చేతి పనిలో ఒక పువ్వు మరో పువ్వుకు పిసరంత తేడాగా ఉంటుంది. సీతారాంపురం దగ్గర లేసు పార్కు కూడా ఉన్నది గానీ, మీరు చేరేసరికి సాయంత్రమవుతుంది కనుక ఊళ్ళో దుకాణాలే మేలు.

రేవులో ఉంటాను

పంటు గురించి చెప్పడానికి వచ్చాను. సఖినేటిపల్లికీ నరసాపురానికీ నడుమ వంతెన లేదు. పంటు మీదకు కార్లు, మోటారు సైకిళ్ళు, మనుషులు అందరూ ఎక్కుతారు. వరద కాలంలో ఆపేస్తారు, మార్గశిరంలో ఆ భయం ఉండదు. ఒకవేళ ఏ కారణంగానైనా ఆగితే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరవచ్చు, కాకపోతే నరసాపురానికి మళ్ళీ దిగువకు రావాలి. చీకటి పడకముందే రేవుకు రండి. చీకట్లో పంటు మీదకు కారెక్కించాలంటే పై ఊరి డ్రైవర్లకు చెమటలు పడతాయి. అంతర్వేది వెళ్ళి వచ్చి చీకటి పడకముందే పంటు దాటాలంటే బండారులంకను వదులుకోవలసిందే. రెండూ కుదరవు.

భాగ్యనగరి

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఫోనులో నలుగురం పంచాయితీ పెట్టుకున్నాము. అంతర్వేదికి రెండు ఓట్లు, బండారులంకకు రెండు ఓట్లు పడ్డాయి. చివరికి కారు అద్దె ఎక్కువ భాగం ఇచ్చేది చీరల స్నేహితురాలే కనుక న్యాయం ఆమె వైపు తిరిగింది.

భాగ్యనగరి

పెళ్ళి ముగించుకుని హైదరాబాదు చేరాము. తరువాత వెళ్ళేవారికి పనికివస్తుందని జరిగినది రాస్తున్నాను.

రైలు ఆలస్యమైనందువల్ల పుష్కరఘాట్ దగ్గర సూర్యోదయం దక్కలేదు, ఎండ పడిన హేవలాక్ వంతెన మాత్రమే దక్కింది. ధవళేశ్వరంలో పాతకాగితాలు గారు చెప్పినట్టు మొదటి భాగం దాటాక ఆగి వెనక్కి చూశాము. కట్టడాల స్నేహితురాలిని మళ్ళీ కారెక్కించడానికి మేము ముగ్గురం కలిసి బతిమాలవలసి వచ్చింది.

ఆత్రేయపురంలో ఒక దుకాణం ఆయన పక్క సందులో ఇంటికి పంపించారు. పూతరేకు తీయడం గురించి ఎన్ని వీడియోలు చూసినా ఆ వేగం అర్థం కాదు. బోర్లించిన కుండ పక్కన ఉన్న రంధ్రంలోంచి ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ, ఆమె ఒక చేత్తో మంట చూసుకుంటూనే, పలుచగా కలిపిన బియ్యప్పిండి నీటిలో గుడ్డను ముంచి, రెండు కొసలు పట్టుకుని కుండ మీద పరిచి లాగేసింది. గుడ్డ వెళ్ళిపోయిన చోట పొర తెల్లబడి, అంచు తనంతట తాను లేచింది; దాన్ని పట్టుకుని ఒలిచి పక్కన పేర్చింది. ఇదంతా మేము ఒక మాట మాట్లాడుకునే లోపల అయిపోయింది. పిండి ఏ బియ్యమని అడిగితే జయ బియ్యమని, వేరే బియ్యమైతే రేకు చిరుగుతుందని చెప్పింది. మా చీరల స్నేహితురాలు తానూ ఒకటి తీస్తానని కూర్చుని, కుండ వేడికి చేయి వెనక్కి లాక్కుని, ఆమెకు దణ్ణం పెట్టి లేచింది. లంకలో పుట్టినవారి మాట ప్రకారం బెల్లం రకమే కొన్నాము. పోల్చి చూద్దామని రహదారి పక్క ఒక దుకాణంలోనూ ఒక పెట్టె తీసుకున్నాము. రేకు మెత్తబడి, పళ్ళకు అంటుకుంటూ, నెయ్యి పాతవాసన వేసింది. తేడా నాలుకకు తెలియడానికి అనుభవం అక్కరలేదు.

ర్యాలిలో అర్చకులు దీపం చూపించినప్పుడు కాలి పిక్క దగ్గర రాతిలో చెక్కిన తీరు చూసి నోట మాట రాలేదు. ఈ మొత్తం ప్రయాణంలో తెలియని చోటు ఒక్కటే చెప్పమంటే ర్యాలి పేరే చెబుతాను. అంబాజీపేటకు చేరేసరికి పొట్టిక్కలు చివరి వాయి మిగిలింది, అల్లప్పచ్చడితో పంచుకున్నాము.

అమలాపురంలో బొమ్మిడాయిల పులుసు తిన్న ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు, దాన్ని మెప్పుగానే తీసుకోవాలి. నాకు వడ్డించిన పప్పు, వేపుడు ఎక్కడైనా దొరికేవే. భోజనప్రియ గారు చెప్పిన చేదు నిజం నిజమే. పెరుగు మాత్రం గడ్డగా, తియ్యగా ఉన్నది.

బండారులంకలో అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టింది. అంచు చిల్లులు చూసే పరీక్షను మా స్నేహితురాలు సంఘం దుకాణంలోనే ప్రయోగించబోతే అమ్మే ఆయన నవ్వి, ఇక్కడ అవసరం లేదమ్మా, బజారులో చూసుకోండి అన్నారు. బూడిదరంగు మీద ఎర్ర అంచు ఉన్న నూలు చీరలు అందరం కొన్నాము.

రేవుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీదకు మా కారు ఎక్కుతుంటే హైదరాబాదు ఆడవాళ్ళం కళ్ళు మూసుకున్నాము, పక్కన గడ్డిమోపు వేసుకున్న మోటారు సైకిలు ఆయన మాత్రం తాపీగా చుట్ట వెలిగించుకున్నారు. నరసాపురంలో లేసు దుకాణం అరుగు మీద కూర్చుని, తిప్పి చూసే పరీక్ష చేసి, ఒక పెద్ద గుండ్రని బల్లగుడ్డ కొన్నాము. పెళ్ళికూతురు దాన్ని బల్ల మీద పరుస్తుందో, గోడకు కట్టిస్తుందో ఆమె ఇష్టం. పాలకొల్లు గోపురాన్ని దీపాల వెలుగులో బయటి నుండే చూసి, ఆ ఊళ్ళోనే చెరకు పానకంతో దిబ్బరొట్టె తిని భీమవరం వెళ్ళాము. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉన్న ఆ రొట్టె నాలాంటి శాకాహారికి ఆ రోజు మధ్యాహ్న భోజనం బాకీ తీర్చింది.

మిగిలిన ప్రశ్న ఒకటే. బెల్లం పూతరేకులు ఒక పెట్టె ఇంకా విప్పలేదు. ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటే ఉంచాలా?

లంకలో పుట్టినవాణ్ణి

ఫ్రిజ్‌లో పెట్టవద్దండి, చెమ్మకు రేకు చప్పబడుతుంది. గాలి తగలని డబ్బాలో బయటే ఉంచి, పైన బరువేమీ పెట్టకుండా తొందరగా తినేయండి. బెల్లం రకం పంచదార రకమంత కాలం నిలవదు.

సముద్రపు గాలి

ఈసారి వచ్చినప్పుడు అంతర్వేది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి కల్యాణం రోజులు మాత్రం వదిలేయండి, రేవులో నిలబడడానికి చోటు ఉండదు.